రొయ్య పడని ఒంట్లో ఏం జరుగుతుంది: ప్రయోగశాలలోని ఐజీఈ గ్రాహకం చెప్పేదెంత

నెల్లూరు జిల్లా తీరం వెంట కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల్లోనూ, ఇంకా ఉత్తరాన ప్రకాశం జిల్లా సింగరాయకొండ, టంగుటూరు, కొత్తపట్నం మండలాల్లోనూ సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళ చుట్టూ రొయ్యల గుంటలు కనిపిస్తాయి. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక టైగర్ రొయ్య వెనకబడి, ఈ గుంటల్లో చాలావరకు వనామీయే నిండింది. మేత చల్లేవారు, పట్టుబడి రోజున వల లాగేవారు, పీలింగ్ షెడ్లలో తల తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ళు, ఐసు కొట్టి పెట్టెలు నింపేవారు ఏడాది పొడుగునా రొయ్యను చేత్తో తాకుతూనే ఉంటారు. వీరిలోనూ, పండక్కో పబ్బానికో రొయ్యల ఇగురు తినేవారిలోనూ కొందరికి రొయ్య పడదు. తిన్న కాసేపటికే పెదవులు వాస్తాయి, ఒంటి నిండా దద్దుర్లు లేస్తాయి, కొందరికి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది.

‘పడదు’ అనే మాట తెలుగులో చాలా విశాలమైనది. రొయ్య ఒలిచే చేతులకు దురద రావడానికి ముల్లు గుచ్చుకోవడం, గంటల తరబడి ఐసు నీళ్ళలో నానడం, కడగడానికి వాడే క్లోరిన్ కారణం కావచ్చు. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ నుంచి వెలువడే వాయువు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలదు. నిల్వ చెడిన సరుకు తిన్నందువల్ల వచ్చిన వాంతులను కూడా జనం ‘పడలేదు’ అనే అంటారు. ఇవేవీ అలర్జీ అనే మాటకు వైద్యశాస్త్రం ఇచ్చే కచ్చితమైన అర్థంలోకి రావు. అసలైన రొయ్య అలర్జీలో ఇమ్యునోగ్లోబులిన్-ఈ, అంటే ఐజీఈ అనే ప్రతిరక్షకం, దాన్ని పట్టి ఉంచే ఒక గ్రాహకం తప్పనిసరిగా ఉంటాయి. ఆ గ్రాహకంలోని ఒక భాగాన్ని ప్రయోగశాలలో విడిగా తయారు చేసి, చిన్న సీసాల్లో పరిశోధకులకు అమ్ముతున్నారు. మనిషి రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఈ రీకాంబినెంట్ (జన్యువును వేరే కణంలో పెట్టి తయారు చేయించిన) ప్రొటీన్‌తో కొలిచిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ ఆగాలో తెలియకపోతే, రొయ్యల మీద బతికే ప్రాంతంలో అది మేలు కన్నా గందరగోళాన్నే ఎక్కువ తెస్తుంది.

ఈ గ్రాహకం ఉనికికి తొలి ఆధారం 1921లో, అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో దొరికింది. హైన్‌జ్ క్యూస్ట్నర్ అనే వైద్యుడికి చేప పడేది కాదు. ఆయన సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్‌కు అటువంటి ఇబ్బంది ఏమీ లేదు. ప్రౌస్నిట్స్ తన సహచరుడి రక్తరసిని (సీరం) తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నారు. కొద్ది నిమిషాల్లోనే అక్కడ దద్దురు లేచింది. అలర్జీని కలిగించేది రక్తరసిలో ఉన్నదనీ, అది ఒకరి నుంచి మరొకరి చర్మంలోకి చేరి అక్కడ నిలిచిపోగలదనీ ఆ ప్రయోగం నిరూపించింది. నిలిచిపోవడమే ఇక్కడ ముఖ్యమైన విషయం. చర్మంలో దేన్నో పట్టుకొని ఉంటే తప్ప ఆ పదార్థం ఒక రోజు గడిచినా అక్కడే ఉండదు. ఆ పదార్థం ఏమిటో తేలడానికి మరో 45 ఏళ్ళు పట్టింది. 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, 1967లో యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ విడివిడిగా దాన్ని గుర్తించగా, 1968లో దానికి ఐజీఈ అనే పేరు స్థిరపడింది.

రక్తంలో ఐజీఈ అతి తక్కువ. దాన్ని కొలిచే అంతర్జాతీయ యూనిట్ ఒక్కటి 2.4 నానోగ్రాములకు సమానం. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. రక్తంలో ఐజీఈ ఆయుష్షు రెండు రోజుల చుట్టూ ఉంటుంది. చర్మంలోనూ, శ్వాసనాళాల్లోనూ, పేగుల్లోనూ ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల మీదకు చేరినప్పుడు మాత్రం అదే ఐజీఈ వారాల పాటు నిలుస్తుంది. ఎఫ్‌సీ ఎప్సిలాన్ ఆర్-1 అనే గ్రాహకం దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. ఐజీఈని పట్టే గ్రాహకం మరొకటి కూడా ఉంది. సీడీ-23 అని పిలిచే ఆ గ్రాహకపు నిర్మాణమూ వేరు, పనీ వేరు, పట్టు కూడా బలహీనం. పరిశోధన సరఫరాదారుల జాబితాల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి కనుక కొనుగోలు పత్రం రాసేటప్పుడే ఏది కావాలో స్పష్టంగా పేర్కొనాలి.

మాస్ట్ కణం మీద ఈ గ్రాహకం నాలుగు గొలుసుల కూర్పుగా ఉంటుంది. ఒక ఆల్ఫా గొలుసు, ఒక బీటా గొలుసు, రెండు గామా గొలుసులు. ఐజీఈని పట్టుకునే పని మొత్తం ఆల్ఫాదే. అది కణం బయటికి పొడుచుకొని ఉంటుంది. గామా గొలుసులు కణం లోపలికి సంకేతాన్ని పంపితే, బీటా గొలుసు ఆ సంకేతాన్ని పెంచుతుంది. రెండు మూడు గ్రాహకాల మీద కూర్చున్న ఐజీఈలను ఒకే అలర్జీకారకం కలిపి లాగినప్పుడే గామా, బీటా గొలుసుల లోపలి భాగాల మీద లిన్, సిక్ అనే ఎంజైములు పని మొదలుపెడతాయి. ఆ వెంటనే కణంలో నిల్వ ఉన్న, దద్దుర్లు లేపే హిస్టమిన్ బయటికి వస్తుంది. ఐజీఈ గ్రాహకం మీద ఊరికే కూర్చుని ఉన్నంత మాత్రాన దద్దురు లేవదు. ఆరోగ్యవంతుడి మాస్ట్ కణాల మీద కూడా ఐజీఈ ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది.

ప్రయోగశాల సీసాలో ఉండే ప్రొటీన్ ఈ నాలుగు గొలుసుల కూర్పు కాదు. అది ఆల్ఫా గొలుసులో కణం బయట ఉండే భాగం మాత్రమే. మానవ ఆల్ఫా గొలుసు జన్యువు ఒకటో క్రోమోజోము మీద ఉంటుంది. దాని నుంచి తొలుత తయారయ్యే ప్రొటీన్‌లో 257 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో మొదటి 25 ప్రొటీన్‌కు కణంలో దారి చూపించి, ఆ తర్వాత తెగిపోతాయి. సీసాలోకి సాధారణంగా వచ్చేది 26వ అమైనో ఆమ్లం నుంచి 205వ దాని వరకు ఉన్న 180 అమైనో ఆమ్లాల ముక్క. కణపు పొరలో దిగబడే భాగాన్ని తీసివేయడం వల్ల ఈ ముక్క నీటిలో కరుగుతుంది, శుద్ధి చేయడానికీ వీలవుతుంది. ఐజీఈని పట్టే శక్తి దీనికి చెక్కుచెదరకుండా ఉంటుంది. సంకేతాన్ని పంపే శక్తి మాత్రం ఏమాత్రం ఉండదు. ఈ ప్రొటీన్‌తో చేసే ప్రతి ప్రయోగాన్నీ ఈ ఒక్క తేడాను ఆధారం చేసుకొనే అర్థం చేసుకోవాలి.

అంకెల విషయంలో ఒక చిక్కు కూడా ఉంది. కొన్ని పరిశోధన పత్రాలు తెగిపోయే 25 అమైనో ఆమ్లాలను వదిలేసి, మిగిలిన ప్రొటీన్‌ను ఒకటి నుంచి లెక్కిస్తాయి. ఒక పత్రంలో 87వ స్థానంలో ఉన్న ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మరో చోట 112వది అవుతుంది. రెండూ ఒకటేనని గమనించక, మార్పు చేసిన ప్రొటీన్‌ను తప్పు స్థానంతో తయారు చేయించుకుంటే నెలల శ్రమ, డబ్బు వృథా అవుతాయి.

1998లో ఈ ముక్క స్ఫటిక నిర్మాణం, 2000లో ఐజీఈ తోక భాగంతో కలిసి ఉన్న నిర్మాణం వెల్లడయ్యాయి. ఆల్ఫా గొలుసులోని రెండు గుండ్రటి భాగాలు ఒకదానికొకటి వాలి, ఇంటి దూలాల మీది వాసాల జంటలా కోణంగా నిలబడి ఉంటాయి. ఐజీఈలో రెండు భారీ గొలుసులు ఉన్నా, ఒక గ్రాహకం ఒక ఐజీఈనే పడుతుంది. గ్రాహకంలోని రెండు వేర్వేరు తావులు ఐజీఈలోని ఆ రెండు గొలుసులనూ చెరో వైపు నుంచి అంటుకోవడమే ఆ పట్టుకు అంత బలం రావడానికి కారణం. పట్టు జరిగే చోటు ఐజీఈలోని సీ-ఎప్సిలాన్-3 అనే భాగంలో ఉంది. ఈ భాగం వేడికి చాలా సున్నితమైనది. ఈ సంగతి కింద మళ్ళీ అవసరమవుతుంది.

తయారీ విషయంలో ఎక్కువగా ఆలోచించవలసింది ఏ కణంలో తయారు చేశారన్నదే. ఆల్ఫా గొలుసు బయటి భాగంలో చక్కెర గొలుసులు అతుక్కునే తావులు ఏడు ఉన్నాయి. ఇంత చిన్న ప్రొటీన్‌కు ఏడు చాలా ఎక్కువ. ఐజీఈని పట్టుకోవడానికి ఆ చక్కెరలు అవసరం లేకపోయినా, ప్రొటీన్ సరైన రూపంలో మడత పడటానికి అవి కావాలి. చవకగా, త్వరగా ప్రొటీన్ తయారు చేసే ఈ-కోలై బ్యాక్టీరియా ఇలాంటి చక్కెరలను అతికించలేదు. దానిలో తయారైన ఆల్ఫా ముక్క తరచు కరగని ముద్దలుగా పేరుకుంటుంది. దాన్ని విప్పి మళ్ళీ మడతపెట్టవచ్చు కానీ, ఎంత భాగం సరిగ్గా మడత పడిందో ప్రతిసారీ రుజువు చేసుకోవలసి ఉంటుంది. అందుకే మంచి ప్రొటీన్‌ను సాధారణంగా హెచ్‌ఈకే-293 వంటి మనిషి కణాల్లోనో, చైనా చిట్టెలుక అండాశయం నుంచి వచ్చిన సీహెచ్ఓ కణాల్లోనో తయారు చేస్తారు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం చేసిన 293వ ప్రయోగంలో పుట్టిన కణాలు కనుక హెచ్‌ఈకేకు ఆ అంకె వచ్చింది.

చక్కెరల వల్ల ఇంకో విషయం జరుగుతుంది. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఈ ముక్క సుమారు 21 కిలోడాల్టన్ల బరువు ఉండాలి. ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద నడిపినప్పుడు మాత్రం దాదాపు రెట్టింపు బరువు దగ్గర, సన్నని గీతలా కాక వెడల్పాటి మరకలా కనిపిస్తుంది. మొదటిసారి చూసిన విద్యార్థి సరుకు కల్తీ అయిందనో, తప్పు ప్రొటీన్ పంపారనో అనుకుంటాడు. చక్కెరలను తెంచే ఎంజైమును కలిపి మళ్ళీ నడిపితే ఆ మరక కిందికి దిగి, గీత సన్నబడుతుంది. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ కాకపోయినా, కొత్త లాట్, అంటే మరో విడతలో తయారైన సరుకు, వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయడం మంచిది. లాట్ అంటే ఏమిటో రొయ్యల ఎగుమతిదారులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి కంటైనర్ వెనక్కి వచ్చినప్పుడు ఆ సరుకు ఏ గుంటలో పెరిగిందో, ఏ రోజు పట్టిందో చూపించగలిగినవారే నిలబడగలుగుతారు. ప్రొటీన్ విషయంలోనూ ఫలితం తేడాగా వచ్చినప్పుడు లాట్ అంకె నోటు పుస్తకంలో రాసి లేకపోతే కారణాన్ని వెదికే మార్గమే ఉండదు.

శుద్ధి చేయడానికీ, పరీక్షలు చేసే చిన్న చిన్న గుంటల ప్లాస్టిక్ పలక మీద అంటించడానికీ ఈ ప్రొటీన్ చివర ఒక తోక తగిలిస్తారు. ఆరు నుంచి పది హిస్టిడిన్‌ల తోక అతి సాధారణం. నికెల్ ఉన్న పూసలకు అది అంటుకుంటుంది. బయోటిన్ అనే చిన్న అణువును అతికించడానికి వీలయ్యే తోక మరో రకం. ఈ రెండింటితో ఇబ్బంది తక్కువ. ఐజీజీ అనే మరో మానవ ప్రతిరక్షకంలోని తోక భాగాన్ని అతికించిన రకంతోనే అసలు జాగ్రత్త అవసరం. ఆ తోక వల్ల రెండేసి ప్రొటీన్లు జంటగా కలుస్తాయి. అప్పుడు ఒక్కో జంట రెండు ఐజీఈలను పట్టగలదు కాబట్టి, పట్టును కొలిచినప్పుడు నిజం కన్నా బలంగా కనిపించే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. రోగి రక్తరసిలోని మానవ ఐజీజీని గుర్తించడానికి వాడే ప్రతిరక్షకం, ప్రొటీన్‌కు అతికించిన ఆ మానవ ఐజీజీ తోకను కూడా గుర్తిస్తుంది. అప్పుడు రక్తరసి వేయకుండా వదిలిన గుంటతో సహా పలకలోని గుంటలన్నిటికీ పట్టు జరిగిందని తెలిపే రంగు వస్తుంది. రక్తరసి వేయని గుంట ఒకటి విధిగా ఉంచాలనే నియమం ఇందుకే పుట్టింది.

ఏ జీవి గ్రాహకాన్ని వాడుతున్నామన్నది కూడా ఇక్కడ చిన్న విషయం కాదు. మానవ గ్రాహకం మనిషి ఐజీఈనే కాక ఎలుక ఐజీఈని కూడా పడుతుంది. ఎలుక గ్రాహకం మాత్రం మనిషి ఐజీఈని పట్టదు. కాబట్టి ఎలుక ప్రొటీన్ తక్కువ ధరకు దొరికిందని దానితో మనుషుల రక్తరసిని పరీక్షిస్తే అన్ని ఫలితాలూ ‘లేదు’ అనే వస్తాయి.

ఈ ప్రొటీన్ నెల్లూరు తీరపు ప్రశ్నకు ఎలా ఉపయోగపడుతుందో ఇప్పుడు చూడవచ్చు. రొయ్య అలర్జీకారకాల్లో ప్రధానమైనది ట్రోపోమయోసిన్ అనే కండరపు ప్రొటీన్. దాన్ని గుర్తించడంలో మన దేశ శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పీ.వీ. సుబ్బారావు బృందం 1989లో మన తీరపు తెల్ల రొయ్య నుంచి వేడికి చెడని అలర్జీకారకాలను వేరు చేసి, 1993లో వాటిలో ప్రధానమైనది ట్రోపోమయోసినేనని అమెరికా సహచరులతో కలిసి తేల్చింది. వనామీలో అదే ప్రొటీన్‌కు లిట్-వి-1 అని పేరు. 284 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ జంటగా పెనవేసుకొని పొడుగాటి తాడులా ఉంటుంది. ఎంత ఉడికించినా దానికి అలర్జీ కలిగించే గుణం పోదు. బాగా ఉడికిస్తే రొయ్య పడుతుందనే నమ్మకం ప్రమాదకరమైనది కావడానికి కారణం ఇదే. చేపల్లో ప్రధాన అలర్జీకారకం పార్వల్‌బ్యుమిన్ అనే వేరే ప్రొటీన్. రొయ్య పడనివారిలో చాలామంది చేపల పులుసు నిశ్చింతగా తినగలగడానికి ఈ తేడాయే కారణం.

ట్రోపోమయోసిన్‌కు పట్టే ఐజీఈని కొలవడానికి మామూలుగా పలకకు ట్రోపోమయోసిన్‌నే అంటించి, దాని మీద రోగి రక్తరసిని పోస్తారు. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. రొయ్యలు తరచు తినేవారి, తాకేవారి రక్తంలో ట్రోపోమయోసిన్‌కే పట్టే ఐజీజీ కూడా ఉండవచ్చు. ఐజీజీ పరిమాణంలో ఐజీఈ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, తావులన్నీ ముందుగా అదే ఆక్రమించి ఐజీఈకి చోటు లేకుండా చేయగలదు. గ్రాహకంతో ఈ వరుసను తిరగవేయవచ్చు. ముందు పలకకు గ్రాహకాన్ని అంటించి, రక్తరసిని పోస్తే ఐజీఈ మాత్రమే పట్టుబడుతుంది. ఐజీజీ కడుగులో పోతుంది. ఆపైన బయోటిన్ అతికించిన ట్రోపోమయోసిన్‌ను వేసి, పట్టుబడిన ఐజీఈల్లో దాన్ని గుర్తించేవి ఎన్నో చూడవచ్చు. ఈ పద్ధతి గ్రాహకాన్ని పట్టుకోగల ఐజీఈనే లెక్కిస్తుంది. తోక భాగం చెడిపోయిన ఐజీఈ లెక్కలోకి రాదు.

అయితే ఈ తిరగవేసిన పద్ధతి మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బందిని ఎదుర్కొంటుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నులిపురుగులు, ఏలికపాములు, కొంకి పురుగులు వంటి పేగు పురుగులు ఉన్న మనుషుల్లో మొత్తం ఐజీఈ చాలా ఎక్కువగా ఉంటుంది. చెప్పులు లేకుండా తడి నేల మీద పని చేసేవారికి కొంకి పురుగులు సోకే అవకాశం ఎక్కువ. పలక మీది గ్రాహకాల సంఖ్యకు పరిమితి ఉంది. పురుగుల మీద తయారైన ఐజీఈ అందులో ఎక్కువ తావులను నింపేస్తే, రొయ్య మీద తయారైన ఐజీఈకి మిగిలేవి కొద్ది. ఫలితంగా రెండు రక్తరసుల్లో రొయ్య ఐజీఈ సమానంగా ఉన్నా, మొత్తం ఐజీఈ ఎక్కువగా ఉన్న మనిషి ఫలితం తక్కువగా వస్తుంది. దీన్ని కొలతలోని తప్పుగా కొట్టిపారేయడం తొందరపాటు. మాస్ట్ కణం మీద కూడా ఐజీఈలు ఇలాగే తావుల కోసం పోటీ పడతాయి. మొత్తంలో రొయ్య ఐజీఈ వాటా ఎంతన్నది ప్రతిచర్య తీవ్రతను నిర్ణయించే అంశాల్లో ఒకటి. కాబట్టి ఇక్కడ సరైన దారి ఏమిటంటే, ప్రతి నమూనాలో మొత్తం ఐజీఈని విడిగా కొలవడం, రక్తరసిని నాలుగైదు మోతాదుల్లో పలచన చేసి పరీక్షించడం, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం. ఒకే ఒక పలచనలో వచ్చిన ఒకే ఒక అంకెతో ఈ తీరంలోని మనుషుల మధ్య పోలిక తేవడం సరి కాదు.

పురుగులకూ, రొయ్యకూ ఇంకో బంధుత్వం ఉంది. ట్రోపోమయోసిన్ రొయ్యలోనే కాదు, ఇంటి దుమ్ములోని చిన్న పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ, ఏలికపాముల్లోనూ ఉంది. వాటి నిర్మాణాల్లో పోలికలు ఎక్కువ. దుమ్ము పురుగు వల్ల పుట్టిన ఐజీఈ రొయ్య ట్రోపోమయోసిన్‌ను కూడా పట్టుకోగలదు. పలక మీద రంగు వచ్చిన మనిషి ఎన్నడూ రొయ్యతో ఇబ్బంది పడకపోయి ఉండవచ్చు. ఐజీఈ అక్కడ ఉన్నది నిజమే, అది రొయ్యను పట్టిందన్నదీ నిజమే, కానీ ఆ మనిషికి రొయ్య పడదని దాని అర్థం కాదు.

పట్టుకోవడం వేరు, ప్రతిచర్య వేరు అన్న ఈ విషయం మరో రోగంలో ఇంకా స్పష్టంగా బయటపడింది. నెలల తరబడి కారణం తెలియకుండా దద్దుర్లు లేచే దీర్ఘకాలిక అర్టికేరియా రోగుల్లో కొందరి రక్తంలో ఈ గ్రాహకపు ఆల్ఫా గొలుసు మీదే తయారైన ఐజీజీ ప్రతిరక్షకాలు ఉంటాయని 1993లో తేలింది. వాటిని గుర్తించడానికి రీకాంబినెంట్ ఆల్ఫా ముక్కను పలకకు అంటించి పరీక్షించారు. అప్పుడు ఆరోగ్యవంతుల్లో కూడా ఆల్ఫాను పట్టే ఐజీజీ కనిపించింది. అది గొలుసును పడుతుంది కానీ కణాన్ని కదిలించదు. సీసాలోని ముక్కకు ఈ రెండు రకాల ఐజీజీల మధ్య తేడా తెలియదు, తెలిసే మార్గమూ లేదు. ఎందుకంటే తేడా చెప్పగల గామా, బీటా గొలుసులు ఆ సీసాలో లేవు.

గ్రాహకపు ముక్క తిరుగులేని ఆధారంగా నిలిచే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒమాలిజుమాబ్ అనే మందు రక్తంలో తిరిగే ఐజీఈని పట్టుకొని, అది గ్రాహకాన్ని చేరకుండా అడ్డుకుంటుంది. 2003లో అమెరికాలో ఉబ్బసానికి అనుమతి పొందిన ఈ మందుకు, పొరపాటున తిన్నప్పుడు వచ్చే ఆహార అలర్జీ ప్రతిచర్యలను తగ్గించేందుకు 2024 ఫిబ్రవరిలో కూడా అక్కడ అనుమతి లభించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో మొత్తం ఐజీఈని కొలిస్తే అది తగ్గకపోగా పెరిగినట్లు కనిపిస్తుంది. మందుతో జతకట్టిన ఐజీఈ రక్తం నుంచి నెమ్మదిగా తొలగడమే దీనికి కారణం. ఆ అంకెను చూసి మందు పని చేయలేదనుకోవడం పొరపాటు. గ్రాహకాన్ని అంటించిన పలక మీద మందు పట్టని, అంటే ఇంకా కణానికి చేరగల ఐజీఈ మాత్రమే చిక్కుతుంది. ఇక్కడ అడిగే ప్రశ్న పట్టు గురించినదే కనుక, పట్టును కొలిచే ప్రొటీన్ పూర్తి సమాధానం ఇవ్వగలుగుతుంది.

ప్రతిచర్య గురించి అడగాలంటే కణం కావాలి. మాస్ట్ కణాల్లాగే ఈ గ్రాహకం ఉండే, మనిషి రక్తంలోని బేసోఫిల్ కణాలకు రొయ్య సారాన్ని కలిపి, వాటి మీద సీడీ-63 అనే గుర్తు పైకి వస్తుందో లేదో చూసే పరీక్ష ఉంది. దానికి అప్పుడే తీసిన రక్తం అవసరం. సాధారణంగా ఒక రోజు లోపల, వీలైతే కొన్ని గంటల్లోనే పరీక్ష పూర్తి కావాలి. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి ఆ రక్తాన్ని పంపడం అసాధ్యం కాదు. కానీ తెల్లవారుజామున పీలింగ్ షెడ్డులో పని మొదలుపెట్టే యాభై మంది రక్తాన్ని తీసి, వేడి తగలకుండా, కుదుపు లేకుండా పంపించి, అదే రోజు యంత్రం మీద నడిపించడం ఆచరణలో చాలా కష్టం. రక్తరసి అయితే గడ్డకట్టించి నెలల తరబడి దాచుకోవచ్చు. మధ్యేమార్గంగా ఎలుక బేసోఫిల్ కణ వంశం ఆర్‌బీఎల్‌లో మానవ ఆల్ఫా గొలుసు జన్యువును పెట్టి తయారు చేసిన కణాలున్నాయి. వీటికి దాచిన రక్తరసి చాలు. కణం ఎలుకదైనా పైన ఉన్న ఆల్ఫా మనిషిదే కాబట్టి మనిషి ఐజీఈ పట్టుబడుతుంది, లోపలి గొలుసులు ఉన్నాయి కాబట్టి హిస్టమిన్ లాంటి పదార్థాలు బయటికి వస్తాయి. ముందు గ్రాహకపు పలక మీద నమూనాలన్నింటినీ జల్లెడ పట్టి, రంగు వచ్చినవాటినీ, కొన్ని రాని వాటినీ ఈ కణాల మీద పరీక్షించడం, ఖర్చుకూ వసతులకూ పరిమితి ఉన్న జిల్లా స్థాయి కళాశాలలకు సరిపడే వరుస.

కణాల ప్రయోగాల్లోకి ఈ ప్రొటీన్‌ను తీసుకొస్తే మాత్రం ఎండోటాక్సిన్ అంకెను చూడాలి. బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే ఈ పదార్థం నానోగ్రాముల్లో ఉన్నా రక్తకణాలను రెచ్చగొడుతుంది. మైక్రోగ్రాము ప్రొటీన్‌కు ఒక ఎండోటాక్సిన్ యూనిట్ కన్నా తక్కువ అని సరఫరాదారు పత్రంలో ఉండటం మామూలు. ఒక యూనిట్ అంటే సుమారు నానోగ్రాములో పదో వంతు. పలక మీది పరీక్షకు ఈ అంకె పెద్దగా పట్టించుకోనక్కరలేదు.

నిల్వ విషయం ఐసుతో బతికే ఊళ్ళకు సులువుగా అర్థమవుతుంది. బ్లాకు కట్టిన రొయ్య ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే కండ మెత్తబడి, నీరు కారిపోయి, కొనేవాడు వేలితో నొక్కి చూసి పక్కన పెడతాడు. ప్రొటీన్ పాడైనా కంటికి ఏమీ కనిపించదు. అందుకే ఎండబెట్టిన పొడిగా వచ్చిన ప్రొటీన్‌ను కరిగించిన రోజునే ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న భాగాలుగా చేసి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి, తీసిన భాగాన్ని మళ్ళీ గడ్డకట్టించకుండా వాడేయాలి. సీసా తెరిచే ముందు అపకేంద్ర యంత్రంలో ఒకసారి తిప్పాలి. పొడి ఎంత తక్కువ ఉంటుందంటే మూత లోపల అంటుకొని ఉన్నది మూతతోనే పోతుంది. కొన్ని సీసాల్లో ప్రొటీన్ పాత్రకు అంటుకోకుండా పశువుల రక్తంలోని ప్రొటీన్ అయిన అల్బుమిన్‌ను కలుపుతారు. పలకకు నేరుగా అంటించడానికీ, బయోటిన్ అతికించడానికీ అటువంటి సీసా పనికిరాదు. ఎందుకంటే పలకకూ, బయోటిన్‌కూ ఎక్కువగా అంటుకునేది ఆ అల్బుమినే అవుతుంది.

చివరిగా 56 డిగ్రీల సంగతి. రక్తరసిని ఏ ప్రయోగానికైనా వాడే ముందు అరగంట పాటు 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేసి, కాంప్లిమెంట్ అనే రక్షక ప్రొటీన్లను చంపడం చాలా ప్రయోగశాలల్లో అలవాటుగా జరిగే పని. ఐజీఈ పనికి ఆ అలవాటు చెరుపు చేస్తుంది. ఆ వేడికి ఐజీఈలోని సీ-ఎప్సిలాన్-3 రూపం చెదిరి, గ్రాహకాన్ని పట్టే శక్తి నశిస్తుంది. ఐజీఈలో రొయ్యను గుర్తించే చేతుల్లాంటి భాగాలు మాత్రం అలాగే ఉంటాయి. ఫలితంగా ట్రోపోమయోసిన్ అంటించిన పలక మీద ‘ఉంది’ అని వచ్చిన రక్తరసి, గ్రాహకం అంటించిన పలక మీద ‘లేదు’ అంటుంది. కారణం తెలియనివారు గ్రాహకపు లాట్‌ను తప్పుబడతారు. తెలిసినవారు ఇదే గుణాన్ని తమ పనికి వాడుకోవచ్చు. ప్రతి రక్తరసినీ రెండు భాగాలు చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని కావాలనే 56 డిగ్రీల దగ్గర వేడి చేసి, రెండింటినీ గ్రాహకపు పలక మీద పక్కపక్క గుంటల్లో వేయాలి. వేడి చేసిన గుంటలో రంగు పూర్తిగా పోతే, మొదటి గుంటలోని రంగు గ్రాహకం ద్వారా పట్టుబడిన ఐజీఈదే. రెండు గుంటల్లోనూ రంగు ఒకేలా నిలిస్తే పలకకు ఊరికే అంటుకున్నది ఇంకేదో ఉంది, ఆ నమూనా అంకెను పట్టికలో చేర్చకూడదు.